ప్రాణ మూల్యం, చమురు మూల్యం: ఇరాక్ యుద్ధకాలంలో అమెరికా ప్రజా దృక్పథం

ప్రవేశిక

యుద్ధానికి ఒక దేశం చెల్లించే మూల్యం ప్రాణరూపంలోనూ ధనరూపంలోనూ ఉంటుంది. ప్రజలు వీటిలో దేనిని ముందుగా గుర్తిస్తారన్నది నష్ట పరిమాణంపై కంటే, ఆ నష్టం ఎందరి గడప తొక్కిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. 2003 మార్చిలో మొదలైన ఇరాక్ యుద్ధకాలపు అమెరికా సమాజం ఇందుకు నిదర్శనం.

మృతుల లెక్క

కొరియా, వియత్నాం యుద్ధాలను పరిశీలించిన జాన్ మ్యూలర్, సైనిక మరణాలు పెరిగేకొద్దీ యుద్ధానికి ప్రజామద్దతు క్షీణిస్తుందని 1973లో ప్రతిపాదించాడు. అయితే మరణాలు పెరగడం వేరు, అవి ప్రజల ఎరుకలో నిలవడం వేరు. ప్యూ పరిశోధన కేంద్రం సర్వేలో మృత సైనికుల సంఖ్యను 2007 ఆగస్టులో 54 శాతం మంది సరిగా చెప్పగా, 2008 మార్చిలో ఆ సంఖ్య 4,000కు చేరువైనపుడు 28 శాతం మందే చెప్పగలిగారు. మరణాల వేగం తగ్గడం, పత్రికలలో యుద్ధవార్తలు సన్నగిల్లడం ఇందుకు కొంత కారణం. 1973లో నిర్బంధ సైనిక సేవ రద్దు కావడంతో యుద్ధభారం కొద్ది కుటుంబాలకే పరిమితమైంది. సైనికుల శవపేటికలను డోవర్ వైమానిక స్థావరంలో చిత్రీకరించడంపై 1991 నుంచి 2009 వరకు నిషేధం అమలైంది.

పరదేశీయుల మరణాల విషయంలో ఈ అనభిజ్ఞత మరింత తీవ్రం. 2007 ఫిబ్రవరి నాటి అసోసియేటెడ్ ప్రెస్ సర్వేలో ఇరాకీ పౌర మరణాలపై అమెరికన్ల మధ్యస్థ అంచనా 9,890. అప్పటికే నమోదైనవి 50,000కు పైబడ్డాయి.

ఇంధన ధర

దీనికి భిన్నంగా, ఇంధన ధర ప్రతి కూడలిలోనూ పెద్ద అంకెలలో కనిపించేది. యుద్ధారంభంలో సుమారు 1.70 డాలర్లున్న గ్యాలన్ పెట్రోలు 2008 జూలైలో 4.11 డాలర్లకు చేరింది. ఈ పెరుగుదలకు ప్రపంచ గిరాకీ ప్రధాన హేతువు. యుద్ధం ఏకైక కారణం కాదు. యుద్ధవ్యయానికి పన్నులు పెంచకపోగా 2003లోనే తగ్గించారు; ఖర్చు అప్పులతో నడిచింది. ఆ విధంగా యుద్ధపు అసలు ఖర్చు సామాన్యునికి కనబడలేదు. కనబడిన ధరకు యుద్ధంతో సంబంధం స్వల్పం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంతో పోల్చినపుడు ఈ భేదం స్పష్టమవుతుంది. 1942 డిసెంబరు నుంచి అమెరికా అంతటా పెట్రోలుకు రేషన్ విధించారు. రబ్బరును ఆదా చేయడం దాని ముఖ్యోద్దేశం. నాటి ఇంధన కొరత యుద్ధంలో పౌరుని భాగస్వామ్యానికి గుర్తు కాగా, 2008లో ధర కేవలం ఫిర్యాదుగా మిగిలింది.

ముగింపు

2008 నవంబరు ఎన్నికల రోజు జరిపిన ఓటర్ల సర్వేలో 63 శాతం మంది ఆర్థిక స్థితినీ, 10 శాతం మంది ఇరాక్‌నూ ప్రధాన సమస్యగా పేర్కొన్నారు. ఆ సెప్టెంబరు నాటి ఆర్థిక సంక్షోభ ప్రభావం ఇందులో బలంగా ఉంది గనుక దీనిని ప్రజల హృదయకాఠిన్యంగా భావించడం సమంజసం కాదు. మరణాన్ని కొందరికే పరిమితం చేసి, వ్యయాన్ని భావితరాలకు వాయిదా వేసిన యుద్ధంలో, ప్రజల దృష్టి తమకు కనబడిన అంకెపై నిలవడం సహజ పరిణామం. కనుక ప్రజల ఉదాసీనతను చర్చించే చరిత్రకారుడు, ఆ నష్టాన్ని వారి కంటికి దూరం చేసిన ఏర్పాట్లను ముందుగా పరిశీలించవలసి ఉంటుంది.