బైబిలు పంతులును కాదని నటునికి పట్టం



భక్తులు భక్తుణ్ణే ఎన్నుకొంటారని మనమనుకొంటాం. 1980 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక ఆ ఊహను తలక్రిందులు చేసింది. ఒకవైపు జిమ్మీ కార్టర్. తిరిగి జన్మించిన క్రైస్తవుడనని బాహాటంగా చెప్పుకొన్నవాడు, ఆదివారపు బడిలో బైబిలు బోధించినవాడు. మరొకవైపు రోనాల్డ్ రీగన్. పూర్వం సినీనటుడు, విడాకులు పొంది మరల వివాహమాడినవాడు. 1967లో కాలిఫోర్నియా గవర్నరుగా గర్భస్రావ చట్టాన్ని సడలించినవాడు కూడ. శ్వేతజాతి ఇవాంజెలికల్ ప్రొటెస్టంట్లలో అధికసంఖ్యాకులు రీగన్‌నే వరించారు. ఎందుచేత?

గర్భస్రావమే కారణమని సాధారణంగా చెబుతారు. అయితే కొన్ని పరిస్థితులలో దానిని అనుమతించే చట్టాలకై కృషి చేయవలసిందిగా 1971లో సదరన్ బాప్టిస్టు మహాసభయే తీర్మానించింది! చరిత్రకారుడు రాండల్ బాల్మర్ చూపే మూలం వేరు, అది బడి. జాతివివక్ష పాటించే ప్రైవేటు పాఠశాలలకు పన్ను మినహాయింపు చెల్లదని 1971లో న్యాయస్థానం తేల్చింది. 1976లో బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం ఆ మినహాయింపును కోల్పోయింది. 1978లో పన్నుల శాఖ నిబంధనలను మరింత బిగించబోగా చర్చి పాఠశాలలవారి ఆగ్రహం పెల్లుబికింది. పాల్ వైరిచ్ వంటి వ్యూహకర్తలు ఆ ఆగ్రహాన్ని ఒడిసిపట్టారు. 1979లో జెర్రీ ఫాల్వెల్ 'మోరల్ మెజారిటీ'ని స్థాపించాడు. గర్భస్రావం, కుటుంబం, బడిలో ప్రార్థన ఒకే పతాకం క్రిందికి చేరాయి. బాల్మర్ వాదాన్ని పూర్తిగా అంగీకరించని పండితులూ లేకపోలేదు. అయినను, తమ పిల్లల చదువుపై ప్రభుత్వం చేయి వేస్తున్నదన్న భయం ఆనాడు బలంగా పనిచేసిందనుటలో సందేహం లేదు.

భయం బలపడినకొలదీ శీలం వెనుకబడింది. క్లింటన్ వ్యవహారం నడుస్తున్న 1998లో, పాలకునికి సచ్ఛీలం అత్యవసరమని అదే బాప్టిస్టు మహాసభ తీర్మానించింది. 2016లో పోలింగు సర్వేల ప్రకారం శ్వేత ఇవాంజెలికల్ ఓటర్లలో పదింట ఎనిమిదిమంది, మూడు పెళ్ళిళ్ళు చేసుకొన్న డొనాల్డ్ ట్రంపుకు ఓటు వేశారు. కొందరు బోధకులు ఆయనను పారసీక రాజు కోరెషుతో పోల్చారు. దేవుని ఎరుగకయే దేవుని పని నెరవేర్చిన రాజు కోరెషు. భక్తుడు దొరకనిచో రక్షకుడు చాలునన్నమాట! ఆ బేరం ఫలించింది కూడ. ట్రంపు నియమించిన ముగ్గురు న్యాయమూర్తుల మద్దతుతో 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును రద్దు చేసింది.

మరి, అదే బైబిలును చేతబట్టిన నల్లజాతి ప్రొటెస్టంట్లలో అత్యధికులు ఎదుటిపక్షానికే ఓటు వేస్తూ వచ్చారు. కనుక ఈ మొగ్గునకు కారణం గ్రంథంలో మాత్రమే లేదు. చదివేవాని చరిత్రలోనూ, భయంలోనూ ఉన్నది. ఈ మాట ఒక్క మతానికో, ఒక్క దేశానికో పరిమితమని నేననుకోను. జీవితమంతా పిల్లలకు నీతిపద్యాలు వల్లె వేయించిన నాకు, నీతి చెప్పేవారే నీతిని వాయిదా వేసుకొన్న ఈ చరిత్ర కలవరం కలిగిస్తున్నది.

మీ అభిప్రాయాలను తెలుపగలరు.