అమ్మకు అండాశయ క్యాన్సర్ వస్తే కూతురికీ వస్తుందా? ముప్పు ఉన్నవాళ్లు ముందే ఏం చేయాలంటే..

2015లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తన అండాశయాలు, ఫెలోపియన్ ట్యూబులు తీయించుకున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆమె వయసు 39. క్యాన్సర్ వచ్చి కాదు.. రాకుండా ఉండేందుకు! ఆమె తల్లి 56 ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూశారు. జోలీకి బీఆర్‌సీఏ-1 జన్యువులో లోపం ఉన్నట్టు పరీక్షలో తేలింది.

ముప్పు ఎవరికి ఎక్కువ?

మామూలుగా 100 మంది మహిళల్లో ఒకరిద్దరికే అండాశయ క్యాన్సర్ వస్తుంది. బీఆర్‌సీఏ-1 లోపం ఉన్నవాళ్లలో 40 మందికి పైగా, బీఆర్‌సీఏ-2 లోపం ఉంటే 15 నుంచి 20 మందికి వచ్చే ప్రమాదం ఉంది. ఈ లోపం తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ రావొచ్చు. అందుకే మేనత్తకో, నాయనమ్మకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉన్నా డాక్టర్‌కు చెప్పాలి. ఇంట్లో క్యాన్సర్ వచ్చిన వాళ్లకే ముందు జన్యు పరీక్ష చేయిస్తే మిగతావాళ్లకు స్పష్టత వస్తుంది.

ఏటా స్కానింగ్ చేయించుకుంటే చాలదా?

చాలదు. కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్టు ఉండటం లాంటి లక్షణాలను గ్యాస్ అనుకుని వదిలేస్తుంటారు. బ్రిటన్‌లో మెనోపాజ్ దాటిన 2 లక్షల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. సీఏ-125 రక్త పరీక్ష, స్కానింగ్ చేసినా మరణాలు తగ్గలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలోనూ ఇవి ప్రాణాలు కాపాడతాయని రుజువు కాలేదు.

ఆపరేషన్ ఎప్పుడు?

పిల్లలు ఇక చాలు అనుకున్నాక బీఆర్‌సీఏ-1 ఉన్నవాళ్లు 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ-2 ఉన్నవాళ్లు 40-45 ఏళ్ల మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోవాలని నిపుణులు సూచిస్తున్నారు. దీంతో ముప్పు దాదాపు 80 శాతం తగ్గుతుంది. ఈ క్యాన్సర్లలో చాలావరకు ట్యూబుల్లోనే మొదలవుతాయి కాబట్టి వాటినీ తీసేస్తారు.

అయితే వెంటనే మెనోపాజ్ వచ్చేస్తుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకలు బలహీనపడటం లాంటి ఇబ్బందులు ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ రానివాళ్లకు డాక్టర్లు హార్మోన్ థెరపీ ఇవ్వొచ్చు. గర్భనిరోధక మాత్రలు కూడా ముప్పు తగ్గిస్తాయి. కానీ రొమ్ము క్యాన్సర్ ముప్పును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

గర్భసంచి తీసేస్తే సరిపోతుందా?

గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఏపీ, తెలంగాణ ముందున్నాయి. కానీ గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు, ట్యూబులు ఉంచేస్తే ఈ ముప్పు అలాగే ఉంటుంది. అలాగని లోపం లేనివాళ్లు భయంతో చిన్న వయసులోనే అండాశయాలు తీయించుకుంటే ఎముకలకు, గుండెకు నష్టం. కాబట్టి ముందు కుటుంబ చరిత్ర, తర్వాత జన్యు పరీక్ష, ఆ తర్వాతే ఆపరేషన్ మాట.