హాంకాంగ్‌లో ఇండోనేషియా ఇంటిపని కార్మికులు

హాంకాంగ్ ఇళ్లలో వంట చేసి, పిల్లల్ని సాకి, ముసలివాళ్లను చూసుకునే విదేశీ కార్మికులు మూడున్నర లక్షలకు పైనే. వీరిలో ఫిలిప్పీన్స్ వారి తర్వాత ఎక్కువమంది ఇండోనేషియన్లు. దాదాపు అందరూ ఆడవాళ్లే, చాలామందిది జావా పల్లెసీమ.

వీరి కష్టాలు విమానం ఎక్కకముందే మొదలవుతాయి. ఏజెన్సీలు స్వదేశంలోనే శిబిరాల్లో నెలల తరబడి ఉంచి కాంటనీస్ మాటలు, వంట, పసిపిల్లల పెంపకం నేర్పుతాయి. ఆ ఖర్చంతా అప్పుగా రాసి, పనిలో చేరాక మొదటి ఆరేడు నెలల జీతంలో కోసుకోవడం ఏళ్లుగా సాగిన పద్ధతి. పాస్‌పోర్టు కూడా తరచుగా ఏజెన్సీ చేతిలోనే ఉంటుంది. ఈ ఖర్చులు కార్మికుల నెత్తిన రుద్దకూడదని ఇండోనేషియా 2017లో చట్టం చేసింది. చట్టం మంచిదే, అమలే అంతంతమాత్రం.

అప్పుకు హాంకాంగ్ నిబంధనలు తోడవుతాయి. 1987 నాటి నియమం ప్రకారం ఒప్పందం రద్దయితే రెండు వారాల్లో వెళ్లిపోవాలి. 2003 నుంచి యజమాని ఇంట్లోనే ఉండడం తప్పనిసరి. ఇరుకు ఫ్లాట్లలో పడక పిల్లల గదిలోనో, వంటగదిలోనో వేసుకోవాలి. పనిగంటలకు చట్టపరమైన పరిమితి లేదు. ఏడేళ్లున్న ఇతర విదేశీయులకు దక్కే శాశ్వత నివాస హక్కు ఇంటిపని వారికి వర్తించదని 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది.

ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో ఎర్వియానా సులిస్త్యనింగ్సిహ్ ఉదంతం చెబుతుంది. 2013లో పనిలో చేరిన ఆమె యజమానురాలు పెట్టే బాధలు తాళలేక పారిపోతే, అప్పు తీరలేదంటూ ఏజెన్సీ మళ్లీ అదే ఇంటికి పంపింది. 2014 జనవరిలో ఒళ్లంతా గాయాలతో, సరిగా నడవలేని స్థితిలో విమానాశ్రయంలో ఉన్న ఆమెను సాటి ఇండోనేషియా కార్మికురాలు గుర్తించి, వెంట ఉండి ఊరు చేర్చింది. ఆ తర్వాతే విషయం లోకానికి తెలిసింది. 2015లో యజమానురాలికి ఆరేళ్ల జైలుశిక్ష పడింది. ఆ ఒక్క తోటి మనిషి పట్టించుకోకపోతే కేసే ఉండేది కాదేమో.

ఈ కార్మికులకు సాధారణంగా ఆదివారం సెలవు. కాజ్‌వే బేలోని విక్టోరియా పార్కులో చాపలు పరుచుకుని అన్నం పంచుకుంటారు, ఖురాన్ చదువుకుంటారు, కథలు రాసుకుంటారు, సంఘాలు నడుపుతారు. అలా ఎదిగిన నాయకురాలే ఎనీ లెస్తారి. 1999లో ఇంటిపనికి వచ్చిన ఈమె 2016లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వలసల సదస్సు ప్రారంభ సభలో ప్రసంగించింది. రెండు వారాల గడువునూ, యజమాని ఇంట్లోనే ఉండాలన్న నిబంధననూ ఎత్తివేయాలని సంఘాలు ఏళ్లుగా పోరాడుతున్నాయి. హాంకాంగ్ ప్రభుత్వం ఇంకా ఒప్పుకోలేదు.