పగాన్‌లో నాలుగు ముఖాల శాసనం

మయన్మారులో ఐరావతీ నదీతీరాన ఉన్న పగాన్ (నేటి బగాన్) మైదానంలో రెండువేలకు పైగా ఆలయాలు, స్తూపాలు నిలిచి ఉన్నాయి. వాటిని చూడదలచిన యాత్రికునికి సైకిలే తగిన వాహనం. ఇసుక బాటల్లో దిగి నడిపించుకుంటూ పోవలసి వచ్చినా, మనసైన చోటల్లా ఆగవచ్చును. అలా ఆగుతూ ఆగుతూ మ్యింకబా గ్రామంలోని మ్యాజేది స్తూపం చేరుకొన్నాను.

అక్కడి శిలాశాసనం సా.శ. 1113 నాటిది. ఒకే విషయాన్ని నాలుగు ముఖాలపై పాలీ, ప్యూ, మోన్, బర్మీ భాషలలో చెక్కించారు. వేయించినవాడు రాజకుమారుడు, అదే అతని పేరు. తండ్రి క్యాన్‌జిత్తా మరణశయ్యపై ఉండగా, ఒకప్పుడు తల్లికి చెంది, ఆమె అనంతరం తనకు సంక్రమించిన మూడు దాసగ్రామాలను, తాను చేయించిన బంగారు బుద్ధప్రతిమకు సమర్పించాడు. తండ్రి సంతోషించి సాధువాదం పలికాడని శాసనం చెబుతున్నది. అయినా సింహాసనం ఇతనికి రాలేదు. క్యాన్‌జిత్తా మనుమడైన అలౌంగ్‌సీథూ రాజైనాడు.

ప్యూ భాష తరువాతి కాలంలో పూర్తిగా అంతరించింది. దాని లిపి మన లిపివలెనే బ్రాహ్మీ సంతతి. ఆ ముఖం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. అక్షరాల వంపులు బంధువులవలె తోచాయి, మాట మాత్రం ఒక్కటీ తెలియలేదు. 1911లో బ్లాగ్డెన్ అనే పండితుడు తక్కిన మూడు పాఠాలతో పోల్చి దానిని చదువగలిగాడు.

భాష తన బలంతోనే బ్రతుకుతుందని మనం గర్విస్తాము. ప్యూ విషయంలో, మాట్లాడేవారు పోయిన పిమ్మట దాని అర్థాన్ని కాపాడినవి పక్కన చెక్కిన పొరుగు భాషలే. అనువాదాన్ని చిన్నచూపు చూసేవారు ఈ శిలను తలచుకోవాలి.