కాళ్లలో పేరుకునే కొవ్వు: లైపెడీమాకు శస్త్రచికిత్స

నడుము పైన సన్నగా ఉండి, కింద రెండు కాళ్లూ సమానంగా లావెక్కడం, తాకితే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం ఉంటే అది ఉత్త ఊబకాయం కాకపోవచ్చు. ఈ జబ్బు పేరు లైపెడీమా. దాదాపు ఆడవారిలోనే, యుక్తవయసులోనో, గర్భం సమయంలోనో, ముట్లుడిగే రోజుల్లోనో బయటపడుతుంది. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఆలెన్, హైన్స్ దీన్ని మొదట వర్ణించారు.

బోదకాలు వేరు

మన కోస్తా జిల్లాల్లో కాలు లావైతే ముందుగా గుర్తొచ్చేది దోమకాటుతో వచ్చే బోదకాలే. అందులో పాదం కూడా వాస్తుంది, తరచు ఒక కాలికే ఎక్కువగా ఉంటుంది. లైపెడీమాలో పాదాలు మామూలుగా ఉంటాయి. కొవ్వు చీలమండ దగ్గర కడియం పెట్టినట్టు ఆగిపోతుంది. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. వైద్యులు చూసి, నొక్కి నిర్ధారిస్తారు.

ఆపరేషన్ ఎప్పుడు?

ముందుగా బిగుతు మేజోళ్లు, ఈత, నడక. తిండి తగ్గిస్తే ఒంట్లో మిగతా కొవ్వు కరుగుతుంది గాని, కాళ్ల కొవ్వు అంత తేలిగ్గా కరగదు. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నా కాళ్ల నొప్పి మిగిలిపోవచ్చు. అప్పుడు ఆలోచించేది లైపోసక్షన్. అమెరికన్ వైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించిన ట్యూమసెంట్ పద్ధతిలో సెలైన్, లిడోకైన్, ఎపినెఫ్రిన్ కలిపి చర్మం కింద నింపి, సన్నని గొట్టాలతో కొవ్వు లాగుతారు. రక్తస్రావం తక్కువ. సాధారణంగా రెండు మూడు విడతలు పడుతుంది. తర్వాత కొన్ని వారాలు బిగుతు దుస్తులు తప్పవు. చాలామందికి నొప్పి తగ్గుతుంది, నడక సులువవుతుంది. కాని రక్తం గడ్డకట్టడం, కొవ్వు రక్తంలో కలవడం, మత్తుమందు మోతాదు మించడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి.

ఖర్చు ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడే. సౌదీలో యజమాని ఇచ్చే బీమా గాని, ఇండియా పాలసీలు గాని అందం కోసం చేసే ఆపరేషన్లకు సాధారణంగా డబ్బివ్వవు. దేశాల మధ్యా ఏకాభిప్రాయం లేదు: బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2022లో దీన్ని పరిశోధనల్లో భాగంగానే చేయాలంది; జర్మనీ 2025 జులైలో అన్ని దశలకూ ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని నిర్ణయించింది.

అల్ ఖర్జ్‌లో ఉండే మన అక్కచెల్లెళ్లకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో రియాద్ పెద్దాసుపత్రులున్నాయి. వెళ్లేముందు "లైపెడీమా" అన్న నిర్ధారణ, నొప్పి, నడకకు ఇబ్బంది, ఇదివరకు చేసిన చికిత్స అన్నీ వైద్యుల చేత కాగితం మీద రాయించుకోండి. బీమాకు ముందస్తు అనుమతి కోరండి. సర్జన్‌కు సౌదీ వైద్య కమిషన్‌లో నమోదు ఉందో లేదో చూడండి. సెలవులో హైదరాబాద్‌లో చేయించుకునేవారు తిరుగు విమానం ఎప్పుడు ఎక్కవచ్చో సర్జన్‌ను అడిగాకే టికెట్ కొనండి. ఆపరేషన్ తర్వాత గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

"తిండి తగ్గించు" అన్న మాటతో సరిపెట్టుకుని ఏళ్లు నొప్పి భరించకండి. ముందు జబ్బు పేరు తెలుసుకోండి. ఆపరేషన్ సంగతి ఆ తర్వాత.