ద్వారపాలకుడు అంటే ఎవరు?

ఈ మాటను మనం బైబిలులో చదువుతాము గాని ఇంట్లో వాడము. కొమరోలు, గిద్దలూరు పల్లెల్లో వాకిలి, గడప, కాపలా అన్నవే నోటి మాటలు. ద్వారపాలకులు అనగానే చాలామందికి విష్ణ్వాలయాల గుమ్మానికి అటూ ఇటూ గదలతో నిలిచే జయవిజయులు గుర్తుకొస్తారు. పైగా ‘పాలకుడు’ అంటే నేడు అధికారం చేసేవాడనే ముందు తోస్తుంది. సంస్కృతంలో దానికి కాపాడువాడు అనే అర్థముంది. గోపాలకుడు ఆవులను ఏలడు, కాస్తాడు. ద్వారపాలకుడూ అంతే.

గ్రీకులో ఈ పనివారిని ‘థురోరోస్’ అంటారు, తలుపు కనిపెట్టి ఉండేవారని. స్త్రీకైనా పురుషునికైనా అదే మాట. యోహాను 10వ అధ్యాయంలో గొఱ్ఱెల కాపరికి తలుపు తీసేది ఇతడు. 18వ అధ్యాయంలో పేతురును లోపలికి రానిచ్చినది ద్వారపాలకురాలు.

పాత నిబంధనలో ఇది లేవీయుల పని. 1 దినవృత్తాంతములు 26వ అధ్యాయం చూడండి. పిన్నలని పెద్దలని లేకుండా చీట్లు వేసి గుమ్మాలు పంచుకున్నారు. తూర్పున ఆరుగురు, ఉత్తరాన నలుగురు, ఇలా లెక్కకడితే దినానికి ఇరవైనలుగురు. వారిలో కోరహు సంతతివారు ఉన్నారు. యాజకత్వం కావాలని మోషే మీద తిరగబడిన కోరహు మనవలే గుమ్మం దగ్గర నిలిచారు! 84వ కీర్తన వారి పేరుతోనే ఉంది. అందులో 10వ వచనంలోని హెబ్రీ మాటకు మూలం గడప. అందుకే మన తెలుగు బైబిలు అక్కడ ద్వారపాలకుడు అనకుండా, ద్వారము దగ్గర ఉండడమనే చెప్పింది. మాకు అదే బాగుందనిపిస్తుంది.

రోమా సంఘంలో ఇదొక నియమిత పదవిగా మూడవ శతాబ్దం నుండే ఉండేది. 1972లో పోపు ఆరవ పౌలు దానిని తీసివేశారు.

మన ప్రాంతంలో గుమ్మం ప్రశ్న మొదటి తరంలోనే వచ్చింది. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారిని, మాదిగలను చేర్చుకోవద్దని అగ్రకులాలవారు అడ్డుకున్నారు. వారిని కాదంటే బడిపిల్లలు పోతారు, పరపతి పోతుంది. ఆయనా, ఆయన భార్యా వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరే తెరుచుకుందట. తలుపు మూయలేదు. అయితే 1876–78 కరువులో అదే క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని చేయించి వేలమందికి కూడు పెడుతూ, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశారు. గింజల కోసం ఎవరూ రాకూడదని. పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, మన నల్లమలలో పుట్టి కంభం చెరువు మీదుగా పోయే ఆ ఏటిలోనే, ఒక్కదినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. మూయడమూ తీయడమూ రెండూ ఆయనకు తెలుసు. కులం చూసి మాత్రం మూయలేదు.

ఇప్పుడు మన గుమ్మాల దగ్గర వాలంటీర్లు నిలబడుతున్నారు. కారు దిగినవారిని ముందు వరుస కుర్చీకి నడిపిస్తారు. కూలికి పోయి ఆలస్యంగా వచ్చిన అమ్మ చెప్పుల దగ్గరే చాప వెతుక్కుంటుంది. వాక్యపీఠం మీద నుండి అది చూసి కూడా మేము ఏమీ అనని ఆదివారాలున్నాయి.