పుట్టి ఎక్కే ముందు

మా మనుమడు అమెరికాలో చదువుకుంటున్నాడు. ఈమధ్య ఒకనాడు ఫోను చేసి, స్నేహితులతో కలిసి కెనూ ప్రయాణానికి వెళ్తున్నానని చెప్పి, సర్దుకోవలసిన వస్తువుల జాబితా చదివి వినిపించాడు. లైఫ్ జాకెట్టు, అదనంగా ఒక తెడ్డు, పొడవాటి తాడు, కత్తి, నీళ్ళు తోడిపోయడానికి డబ్బా, మూతి బిగించే సంచులు, ఈల. "కొంగరకలాన్‌లో పడవెక్కడిది తాతయ్యా, నీకివన్నీ వింతగా ఉంటాయేమో" అని నవ్వాడు.

మాది నదీతీరం కాదన్నమాట నిజమే. కలెక్టరేటు మా ఊరికి వచ్చింది గాని, ఏరు రాలేదు. పెద్దనీరు చూడాలంటే ఇబ్రహీంపట్నం చెరువుకే పోవాలి. అయినా ఆ జాబితా నాకు వింతగా తోచలేదు సరికదా, ఎక్కడో చదివినట్టే అనిపించింది. ఫోను పెట్టేసి కౌటిల్యుని అర్థశాస్త్రం తీశాను.

రెండవ అధికరణంలో నావధ్యక్షుని ప్రకరణమున్నది. హేమంత గ్రీష్మాలలో కూడా నావమీదనే దాటవలసిన మహానదులలో పెద్ద నావలు నడపాలనీ, వాటిలో శాసకుడు, నియామకుడు, దాత్రమును రశ్మిని పట్టేవారు, ఉత్సేచకుడు ఉండాలనీ అక్కడి విధి. దాత్రమంటే కొడవలి, రశ్మి అంటే తాడు. ఉత్సేచకుడు నావలోకి చేరిన నీటిని తోడిపోసేవాడు. మావాడి కత్తి, తాడు, డబ్బా మూడూ అక్కడున్నవి! వానకాలంలో మాత్రమే పారే చిన్న ఏళ్ళకు చిన్న నావలు చాలునట.

నన్ను ఇంకా ఆకట్టుకున్నది ఆపై మాట. తగిన మనుషులు, ఉపకరణాలు లేకనో, మరమ్మతు చేయకనో నావ చెడిపోతే, పోయిన సరుకు నష్టాన్ని నావధ్యక్షుడే భరించాలి. రేవు కాని చోట, వేళ కాని వేళ దాటినవారికి దండన వేరే ఉన్నది. మధ్యేరులో ఏం చేయాలన్న ఉపదేశం ఆ ప్రకరణంలో కనిపించదు. చెప్పినదంతా ఒడ్డున చేయవలసిన పనే.

ఇక మన తెలుగునాట కెనూకు సరిసమానమైనది దోనె. సంస్కృత ద్రోణికి ఇది తద్భవం. కొల్లేటి ప్రాంతంలో తాటిమానును తొలిచి దోనెలు చేసేవారు. ఒంటి దోనె అటూఇటూ ఊగులాడుతుంది, తేలికగా బోల్తాపడుతుంది. అందుకని రెంటిని పక్కపక్కన చేర్చి కట్టేవారు. దాని పేరు సంగడి. క్రీస్తుశకం మొదటి శతాబ్దినాటి గ్రీకు గ్రంథం 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' తూర్పుతీరపు రేవులలో మానులను జతకట్టి చేసిన 'సంగర' అనే పెద్ద ఓడలను పేర్కొన్నది. ఆ మాటా మన సంగడీ ఒక్కటేనని పలువురు పండితుల అభిప్రాయం. సంగడి అంటే మనకు చెంత అనీ, జత అనీ, చెలిమి అనీ కూడా అర్థాలు. సంగడికాడంటే స్నేహితుడు. పాఠం చెప్పిన రోజులలో ఈ మాట దగ్గర ఒక నిమిషం ఆగకుండా నేను ముందుకు పోయేవాణ్ణి కాదు.

కృష్ణా తుంగభద్రల మీద నడిచేది మాత్రం పుట్టి. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర జనం తుంగభద్రను దాటే తీరు వర్ణించాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు తొడుగు, బుట్టవలె గుండ్రం. పదిహేను ఇరవైమందిని మోస్తుందట గాని, తిన్నగా పోలేక గిరగిర తిరుగుతూనే ఉంటుందట.

పదిహేడవ శతాబ్దంలో వజ్రాల బేరానికి గోలకొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఇంకా వివరంగా రాశాడు. గోలకొండ నుంచి మచిలీపట్నం పోయే దారిలో అతడు చెప్పిన మజిలీలలో ఒకటి మా పొరుగున ఉన్న హయత్‌నగర్. ఆ సార్థవాహులు మా సీమ గాలి పీల్చిన తరువాతనే నదుల దగ్గరికి చేరేవారన్నమాట. దక్కనులో ఒక పెద్దనదిని దాటినప్పటి సంగతి ఇలా చెబుతాడు: ఎద్దుతోలు కప్పిన పెద్ద బుట్టలు. వాటి అడుగున ముందుగా కట్టెల మోపులు పరిచేవారు. కట్టెలపై తివాచీ వేసి, దానిమీద సామాను పెట్టేవారు, అడుగున ఊరిన నీరు తగలకుండా. బండిని రెండు బుట్టల నడుమ కట్టేవారు. గుర్రాలను ఈదించేవారు. ఒక్కో బుట్టకు నలుగురు నిలబడి పారలవంటి తెడ్లు వేసేవారు. అందులో ఒక్కడు లయ తప్పితే బుట్ట మూడు నాలుగు చుట్లు తిరిగి, అనుకున్న చోటికి చాలా దిగువన ఒడ్డు చేరేది.

ఆ కట్టెల మోపు నాకు పుస్తకంలో కనబడడానికి ముందే కంటికి కనబడింది. 1987లో బడిపిల్లలను ముప్పైనలుగురిని వెంటబెట్టుకొని కురవపురం పోయాను. పంచదేవ్ పహాడ్ వైపు నుంచి కృష్ణను పుట్టిలో దాటాలి. పుట్టివాడు ముసలివాడు. పులిహోర గంగాళాన్ని అంచున పెట్టబోతే వద్దని, నడిమధ్య కంపపుల్లలు పరిచి వాటిపై పెట్టించాడు. సంచులన్నీ దాని చుట్టూ చేర్చాడు. పిల్లలను గుండ్రంగా, అంచుకు వీపులానించి కూర్చోబెట్టాడు. ఎవరూ లేచి నిలబడరాదన్నాడు.

పోయేటప్పుడు బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో పొద్దుగుంకుతున్నది. మూడు దఫాలు తిరిగితే బస్సు తప్పుతుంది. రెండు దఫాలలో కానిమ్మని నేను పట్టుబట్టాను. డబ్బు ఎక్కువ ఇస్తానన్నాను. పెద్ద గొంతు కూడా చేశాను, ఉపాధ్యాయుణ్ణి కదా. ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకొని, "సారూ, నీ లెక్క బడిల చెప్పు. ఏట్ల నా లెక్కనే" అన్నాడు. మూడు దఫాలే అయినవి. బస్సు తప్పింది. రాత్రంతా ఆకలితో పిల్లలూ నేనూ ఒక మండపంలో పడుకున్నాం. ఆ ముసలివాడిమీద కోపం నాకు చాలా ఏళ్ళు పోలేదు.

2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. సాయంత్రం టీవీలో "ఇబ్రహీంపట్నంలో పడవ మునక" అన్న వార్త చూసి, మా మండలం పేరు విని ఉలిక్కిపడ్డాను. మాది కాదు, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం. పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. ఒంగోలు నుంచి వచ్చినవారే ఎక్కువ. పరిమితికి మించి ఎక్కించారనీ, లైఫ్ జాకెట్లు లేవనీ, అనుమతి లేని పడవ అనీ మర్నాటి పత్రికలలో చదివాను. వేళ మించుతున్నదని ఒడ్డున ఎవరో ఒకరు తొందరపెట్టే ఉంటారు. ఆ తొందరపెట్టినవాడి గొంతు నాకు నా గొంతులాగానే వినిపించింది. చదువుతున్న పత్రిక పక్కన పెట్టేశాను.

రెండేళ్ళకు, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండలకు పోతున్న పడవ మునిగింది. ఎక్కినవారు 77 మంది, బ్రతికినవారు 26 మంది. వరదగోదావరి అది, కౌటిల్యుడు చెప్పిన అకాలం. అక్కడ జాకెట్లు ఉన్నాయి. అయితే భోజనాల వేళ కదా అని చాలామంది వాటిని విప్పి పక్కన పెట్టారని అప్పట్లో చదివాను. సర్దుకోవడం వేరు, ఒంటిమీద ఉండడం వేరు. నెల దాటాక, అక్టోబరు 22న, ధర్మాడి సత్యం బృందం ఆ పడవను బయటికి తీసింది.

మనుమడికి మళ్ళీ నేనే ఫోను చేశాను. ఒక్కో కెనూలో ఎందరు అని అడిగాను. ఇద్దరన్నాడు. మూడోవాడు వస్తానంటే? "ఇంకో కెనూ తీసుకుంటాం తాతయ్యా" అన్నాడు. జాకెట్టు అన్నం తినేటప్పుడు కూడా విప్పవద్దన్నాను. సరేనన్నాడు.

క్షేమంగా వెళ్ళి వచ్చాడు. ఈల ఊదే అవసరం రాలేదట. తాడు మాత్రం తడిబట్టలు ఆరవేసుకోవడానికి పనికివచ్చిందన్నాడు.